పసిపిల్లలతో ఊరు మారేవాళ్ళకు నా మొండి సలహాలు

ఇల్లు చూడ్డానికి ఆదివారం వెళ్ళకండి. ఆఫీసుకు దగ్గరగా తీసుకోకండి. స్కూలు ఖాయం చేసుకుని ఆ చుట్టుపక్కల వెతక్కండి. తూర్పు ముఖమా, ఉత్తరం ముఖమా అని బ్రోకర్ని మొదటి ప్రశ్నగా అడగకండి. ఇవన్నీ మీ ఇంట్లో పెద్దలు చెప్పేదానికి ఎదురని నాకు తెలుసు. మా ఇంట్లోనూ వీటిని మొండి వాదనలనే అంటారు. హైదరాబాదు వచ్చిన ఏడాదిన్నరలో మేం మూడిళ్ళు మారాం. మొదటి రెండూ పెద్దలు చెప్పినట్టు అన్నీ చూసుకుని తీసుకున్నవే. మూడోది నేను పట్టుబట్టి తీసుకున్నది. 2021 జనవరి నుంచి అందులోనే ఉంటున్నాం.

మేం కాకినాడ నుంచి 2019 జూన్‌లో వచ్చాం. మా వారికి హైటెక్ సిటీ వైపు ఉద్యోగం. అప్పటికి పెద్దవాడికి నాలుగేళ్ళు, చిన్నదానికి పది నెలలు. అత్తయ్య మాతోనే ఉంటారు. బయల్దేరే ముందు నెల రోజులు ఇంట్లో ఇదే చర్చ. ఆ చర్చంతా ఆఫీసుకు వెళ్ళే మనిషి చుట్టూనే తిరిగింది. ఆయనకు ఎంత దూరం, ఏ రోడ్డులో ట్రాఫిక్కు తక్కువ, రాత్రి ఆలస్యమైతే ఎలా. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వచ్చే ఒక్కరి కోసం ఇల్లు వెతికాం. పగలూ రాత్రీ ఆ వీధిలోనే గడపబోయే నలుగురి గురించి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నాలుగేళ్ళ పిల్లవాడు "అమ్మా, ఎత్తుకో" అనకుండా ఎంత దూరం నడుస్తాడో మీరెప్పుడైనా చూశారా? మా వాడు మూడువందల అడుగులు నడిచేవాడు. వాడికి ఊరంటే ఆ మూడువందల అడుగులే. అందులో ఒక కొట్టు, ఒక చెట్టు, ఆగి మాట్లాడే ఒక మనిషి, ఆడుకోవడానికి ఇంకో పిల్లవాడు ఉంటే వాడి ఊరు బాగున్నట్టు. అవి లేకపోతే మీరు కొండాపూర్‌లో ఉన్నా, కోకాపేటలో ఉన్నా వాడికి ఒరిగేదేమీ లేదు. నేను కింద చెప్పేవన్నీ ఈ మూడువందల అడుగుల కోసమే.

ఆఫీసుకు దూరంగా ఉండండి

మా మొదటి ఇల్లు ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు. తొమ్మిదో అంతస్తు, రెండు లిఫ్టులు, పెద్ద గేటు. గేటు దాటితే ఫుట్‌పాత్ లేని పెద్ద రోడ్డు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని అటువైపుకు దాటడం నావల్ల అయ్యేది కాదు. కొత్తిమీర కట్ట కావాలన్నా ఫోనులో ఆర్డరు పెట్టాల్సిందే. కింద ఆడుకునే చోటుకు వేళలున్నాయి, ఆ వేళకు చిన్నది నిద్రలో ఉండేది. రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం అత్తయ్య అన్నారు: "అమ్మాయ్, పిల్లాడు మనింట్లోవాళ్ళ మొహాలు తప్ప ఇంకో మనిషి మొహం చూసి పది రోజులైంది. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే నా చీర వెనక దాక్కుంటున్నాడు." కాకినాడలో వీధిలో పోయే ప్రతివాణ్ణీ పిలిచి కబుర్లు చెప్పిన పిల్లాడు వాడు.

ఆఫీసు దగ్గరైతే మనిషి త్వరగా ఇంటికొస్తాడని కదా ఆశ. అది జరగలేదు. ఇల్లు దగ్గరే కదా అని ఆఖరి మీటింగుకు ఆయన్నే ఉంచేవాళ్ళు. ఇల్లు దగ్గరే కదా అని ఆయనా ఉండిపోయేవారు. పైగా ఆ నాలుగు కిలోమీటర్లకు సాయంత్రం ముప్పావుగంట పట్టేది.

ఇప్పుడు మేం తార్నాక వైపు ఉంటున్నాం. నాగోలు నుంచి రాయదుర్గం దాకా వెళ్ళే మెట్రో దారిలో. ఆయనకు ఇంటి నుంచి ఆఫీసుకు గంట దాటుతుంది. నిజమే, దూరమే. కానీ స్టీరింగు పట్టుకుని కూచునే గంట వేరు, రైల్లో కూచునో నిలబడో పుస్తకం చదువుకునే గంట వేరు. "ఏడుంపావు బండి ఎక్కకపోతే ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతారు" అని ఆఫీసులో చెప్పేసరికి ఆయన్ని ఎవరూ ఆపలేదు. దూరం ఉన్నందుకే ఆయన రోజుకు ఒక హద్దు ఏర్పడింది. మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో మంచి గల్లీ దొరికితే ఆఫీసు ఎన్ని కిలోమీటర్లో లెక్క చూడకండి. ఇంట్లో ఒక్కరి గంట పోతే నలుగురికి రోజంతా దక్కుతుంది. ఈ మాట మీద మా వారు నెల రోజులు అలిగారు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోరు.

వాన పడ్డ మర్నాడు వెళ్ళండి

ఇల్లు చూడ్డానికి సరైన రోజు గట్టి వాన పడ్డ మర్నాడు. వాన కురుస్తుండగానే వెళ్ళగలిగితే ఇంకా మంచిది. గొడుగు వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. నీళ్ళు ఎటు పోతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ ఇంటి ముందు మెట్టు మునిగింది, ఏ మ్యాన్‌హోలు దగ్గర నీళ్ళు బుడగలు పైకి తంతున్నాయి. అర్ధగంట చాలు.

హైదరాబాదు గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు నిండితే మత్తడి దుంకి ఆ నీళ్ళు కిందిచెరువుకు పోవాలి. ఆ నీళ్ళు నడిచే దారినే ఇక్కడ నాలా అంటారు. నాలా పక్కన గోడ కట్టొచ్చు, పైన పలకలు పరిచి కొట్లు పెట్టొచ్చు, చెరువు శికంలో ప్లాట్లు వెయ్యొచ్చు. నీరు పల్లమెరుగు అన్నారు మనవాళ్ళు. పెద్దవాన వచ్చిన రాత్రి అది తన పాత దారినే వెతుక్కుంటుంది.

మా రెండో ఇల్లు అలాంటి దారిలో ఉంది. లాక్‌డౌను సడలాక, ఆఫీసు పని ఇంటి నుంచే అని తేలాక, 2020 జూన్‌లో నగరానికి తూర్పున ఒక కాలనీకి మారాం. కొత్త రంగు వేసిన మూడంతస్తుల ఇల్లు, తూర్పు ముఖం, అద్దె తక్కువ. ఎండ కాసిన ఒక ఆదివారం మధ్యాహ్నం చూసి అడ్వాన్సు ఇచ్చేశాం. "ఇక్కడ నీళ్ళు నిలవవండీ" అని ఇంటాయన అడక్కుండానే చెప్పాడు. అడక్కుండా చెప్పినందుకే అనుమానించాల్సింది.

అక్టోబరు 13న వాన మొదలైంది. ఆ రోజు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. పాతబస్తీలో, టోలిచౌకిలో, సరూర్‌నగర్ వైపు కాలనీలకు కాలనీలు మునిగాయి. తెల్లవారేసరికి మా సెల్లారులో ఛాతీ లోతు నీళ్ళు. కింది పోర్షనులో నెలల పసిబిడ్డ ఉన్న కుటుంబం మా ఇంట్లోకి వచ్చేసింది. కరెంటు మూడు రోజులు లేదు. అసలు కష్టం నీళ్ళు దిగాక మొదలైంది. సంపు మూత నేలతో సమానంగా ఉంది. డ్రైనేజీ నీళ్ళు సంపులోకి వెళ్ళిపోయాయి. అది తెలిసేలోపే మోటారు వేసి పైన ట్యాంకుకు ఎక్కించేశారు. రెండేళ్ళ మా పాపకు వారం రోజులు విరేచనాలు. కోవిడ్ రోజులు, ఏ ఆసుపత్రి మెట్లెక్కాలన్నా భయం. ఆ వారం నేను మర్చిపోలేను. ఇది రాయడానికి కారణం కూడా ఆ వారమే.

నీళ్ళు పోయాక ఆ ఇంటిని మళ్ళీ చూశాను. చెప్పాల్సిందంతా గోడలు ముందే చెప్పాయి. కింది పోర్షను గోడకు నడుము ఎత్తు దాకా వేసిన రంగు పైదానికన్నా కొత్తది. స్విచ్‌బోర్డులన్నీ మామూలు ఎత్తు కన్నా పైకి పెట్టారు. కరెంటు మీటర్లు సెల్లారులోంచి మెట్ల మలుపులోకి మార్చారు. పక్కింటివాళ్ళు గడప మీద రెండు వరసల ఇటుక కట్టుకున్నారు. ఎదురింటి గేటు దగ్గర ఇసక బస్తాలు నాలుగు, అప్పటికే చివికిపోయినవి. ఇల్లు చూసిన రోజున ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను వంటగదిలో అరలు ఎన్నో చూసుకుంటున్నాను.

అందుకే చెబుతున్నాను. వంటగది ఆఖర్న చూడండి. ముందు మీటరు బోర్డు, సంపు మూత, పక్కింటి గడప చూడండి. కాలనీ పేరు కూడా వినండి. కుంట, చెరువు, తాలాబ్, కట్ట అన్న మాట అందులో ఉంటే ఆ చెరువు ఇప్పుడు ఎక్కడుందని అడగండి. నల్లకుంట, మాసాబ్ ట్యాంక్, తాలాబ్‌కట్ట పేర్లలో నీళ్ళు ఊరికే చేరలేదు. ఆ పేరున్న ప్రతి చోటా మునుగుతుందని నేననను, అడిగి తెలుసుకోమంటున్నాను. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వాళ్ళ చెరువుల మ్యాపులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దుకు బయట ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ కింద ఖాళీగా వదలాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చినప్పటి నుంచి ఇల్లు కొనేవాళ్ళు ఈ మ్యాపులు జాగ్రత్తగా చూస్తున్నారు. అద్దెకు వెళ్ళేవాళ్ళు చూడటం లేదు. సంపులోకి వచ్చే మురుగు అద్దె పిల్లలకూ, సొంతింటి పిల్లలకూ ఒకే జబ్బు తెస్తుంది.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. పిల్లల్ని తీసుకెళ్ళి ఆ చెట్టు చూపించాను. కొత్తగా ఈ ఊరు వచ్చే ప్రతి కుటుంబమూ చార్మినారు కన్నా ముందు దాన్ని చూడాలని నా కోరిక.

ఇక ఎండాకాలం సంగతి. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్సు రసీదులు చూపించమని అడగండి. అందులో ట్యాంకర్ల ఖర్చు ఎంతో ఉంటుంది. పడమటి వైపు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో బోర్లు ఎండిపోయి, నెలకు అద్దె కాక నీళ్ళకే వేలు కట్టేవాళ్ళు నాకు తెలుసు. నల్లా ఉందా, బోరు ఒక్కటేనా, నల్లా వస్తే రోజు విడిచి రోజు ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది. కొళాయి మూతి చుట్టూ తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే ఆ ఇంట్లో వాడేది బోరునీళ్ళని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎవర్ని అడగాలి

బ్రోకర్ని అడగకండి, ఇంటివాళ్ళను అడగకండి, అసోసియేషన్ ప్రెసిడెంటును అసలే అడగకండి. ఇస్త్రీ బండి అతన్ని అడగండి. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు ఎన్నాళ్ళకు ఖాళీ చేశారు, ఎందుకు చేశారు, అన్నీ అతనికి తెలుసు. ఇప్పుడున్న గల్లీ మాకు అలాగే దొరికింది. నిజానికి మేం చూడ్డానికి వెళ్ళింది ఆ సందు మొదట్లో ఉన్న కొత్త బిల్డింగు. వీధి మొగలో ఇస్త్రీ చేసే పెద్దాయనతో మాట కలిపితే ఆయన పెట్టె పక్కన పెట్టి చెప్పాడు: "అమ్మా, ఆ బిల్డింగ్ల ఎవ్వరు ఏడాది నిలుస్తలేరు. ఎండకాలమొస్తే నీళ్ళకు మస్తు తక్లీఫ్. గా లోపలి గల్లీల పాతిల్లు ఖాళీగుంది సూడుండ్రి. రంగు లేదు గానీ నల్లా మంచిగొస్తది. పిల్లలు గూడ ఉన్నరు." బ్రోకరు దగ్గర ఆ ఇంటి వివరమే లేదు.

నేను అడిగిన రెండో మనిషి అంగన్‌వాడీ టీచరమ్మ. ఉద్యోగస్తుల ఇళ్ళవాళ్ళు అంగన్‌వాడీ అంటే మనకు కాదన్నట్టు చూస్తారు. ఆ చూపు తప్పు. 1975 నుంచి నడుస్తున్న వ్యవస్థ అది. ఆరేళ్ళలోపు పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో సర్వే చేసి రిజిస్టరులో రాసుకునే మనిషి ఆ చుట్టుపక్కల ఆవిడ ఒక్కరే. నేను వెళ్ళి ఫలానా గల్లీలోకి రావాలనుకుంటున్నాం, చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడిగితే వేలు పెట్టి లెక్క చూసి "పదకొండు మంది ఉన్నరమ్మా" అంది. బస్తీ దవాఖానా ఎక్కడో, టీకాలు ఏ రోజు వేస్తారో చెప్పింది. పాప బరువు చూసి చార్టులో చుక్క పెట్టింది. మొదటి ఇంట్లో ఏడాది ఉన్నా, మా అంతస్తులో ఎంతమంది పిల్లలున్నారో నాకు తెలియలేదు. ఇక్కడ దిగకముందే పదకొండు మంది అని తెలిసింది.

ఇంటి ఓనరు మొదటి ప్రశ్నగా "మీరేవిట్లు?" అని అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి. ఇల్లు ఎంత బాగున్నా సరే. పిల్లలు ఎవరింట్లో ఏం తిన్నారో, ఎవరితో ఆడుకున్నారో రేపు వాళ్ళు లెక్క తీస్తారు. అలాగే మన జిల్లావాళ్ళూ, మన అనేవాళ్ళే ఉన్న అపార్ట్‌మెంటు వెతుక్కోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఊరు మారిన పిల్లలకు కొత్త ఊరు దొరకాలి. మా పాప ఇప్పుడు నాతో కొళాయి అంటుంది, గల్లీలో నల్లా అంటుంది, పక్కింటి బీబమ్మగారితో దక్కనీలో గలగలా మాట్లాడుతుంది. ఆవిడ రంజాను నెలలో పిల్లలందర్నీ పిలిచి ఖర్జూరాలు పెడుతుంది.

ఏ వేళకు వెళ్ళాలి

ఆదివారం మధ్యాహ్నం ఏ వీధైనా మంచిదే. రోడ్లు ఖాళీ, ఫ్యాక్టరీలు నెమ్మది, స్కూలు బస్సులు లేవు. పనిరోజుల్లో వెళ్ళండి, నాలుగు వేళల్లో. పొద్దున ఏడున్నరకు, చెత్త బండీ స్కూలు బస్సులూ వచ్చే వేళ. పదకొండింటికి, ఇంట్లో ఉండేవాళ్ళెవరో తెలిసే వేళ. ఆ వేళ అరుగు మీద కూరగాయలు తరుగుతూ ఇద్దరు పెద్దవాళ్ళు కనిపిస్తే ఆ వీధికి కాపలా ఉన్నట్టే, సీసీ కెమెరాల సంగతి తర్వాత. సాయంత్రం ఆరింటికి వెళ్ళి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయా చూడండి. అద్దె ఇల్లు చూసేవాళ్ళు ప్రశాంతమైన వీధి కావాలంటారు. చిన్నపిల్లలున్నవాళ్ళకు ప్రశాంతమైన వీధి పనికిరాదు. పిల్లల గోల లేని చోట పిల్లలు బయటికి రావడం లేదని అర్థం. ఎందుకు రావడం లేదో అడగండి, కారణం తప్పకుండా ఉంటుంది.

నాలుగోది రాత్రి పది తర్వాత. ముక్కుతో చూడాల్సిన వేళ. జీడిమెట్ల, బాచుపల్లి వైపు చలికాలం రాత్రుల్లో రసాయనాల వాసన గురించి అక్కడివాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. జవహర్‌నగర్ డంపుయార్డు గాలి దమ్మాయిగూడ, నాగారం దాకా వస్తుంది. పగలు మీకది తెలియదు. పసిపిల్లలకు దగ్గు పట్టుకున్నాక తెలుస్తుంది. దగ్గర్లో ఫంక్షన్ హాలు ఉంటే బరాత్ డీజే ఎన్నింటి దాకా మోగుతుందో కూడా ఆ వేళకే తెలుస్తుంది. గణేశ్ మండపం సంగతి మాత్రం నేను వేరేగా చూస్తాను. పదకొండు రోజులు మైకు మోత ఉంటుంది, నిజమే. కానీ చందాకు వచ్చే ఆ కుర్రాళ్ళకు ప్రతి ఇల్లూ తెలుసు. పాప ఒకసారి తప్పిపోయి పక్క సందులో ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని తెచ్చి అప్పగించింది వాళ్ళలో ఒకడే. మండపం ఉన్న గల్లీ తీసుకోండి.

గల్లీ అంటే గుర్తొచ్చింది, ముందుకు దారి లేని గల్లీ వెతకండి. వాస్తు చూసేవాళ్ళు చివరి ఇంటికి వీధిపోటని భయపడి వదిలేస్తారు, మాకు ఆ ఇల్లే కాస్త తక్కువకు వచ్చింది. అటు నుంచి ఇటు దూసుకుపోయే బండి ఒక్కటీ ఉండదు. రోడ్డు గతుకులుగా ఉంటే ఇంకా మంచిదని నా అభిప్రాయం. నున్నటి సిమెంటు రోడ్డు వేసిన పక్కగల్లీలో బైకులు ఎలా పోతాయో చూశాక ఈ మాట అంటున్నాను. మా గల్లీకి కొత్త రోడ్డు కోసం సంతకాలు పెట్టమని కాగితం తెస్తే నేను పెట్టలేదు. స్పీడుబ్రేకర్లు వేస్తామని రాసిస్తేనే పెడతానన్నాను. దీనికి మాత్రం గల్లీలో చాలామంది నామీద కోపంగా ఉన్నారు.

మూత లేని మ్యాన్‌హోలు, కంచె లేని నాలా ఉంటే ఏ మినహాయింపూ లేదు, ఆ చోటు వద్దు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలు వేసుకుని బయటికి వెళ్ళిన పన్నెండేళ్ళ పాప నాలాలో కొట్టుకుపోయింది. కుక్కల గుంపు ఉన్న మాంసం కొట్ల సందూ వద్దు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చంపేశాయి. ఈ రెండు వార్తలూ చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. తక్కిన వేటిలోనైనా మీరు సర్దుకోండి, ఈ రెండిటిలో వద్దు.

స్కూలు తర్వాత

స్కూలు చూసుకుని ఇల్లు తీసుకోమనే సలహా పదో తరగతి పిల్లలకు పనికొస్తుందేమో. ఎల్‌కేజీ పిల్లలకు పనికిరాదు. ఫలానా స్కూల్లో సీటు వస్తే బతుకు గాడిన పడుతుందని నమ్మి, పెద్ద మొత్తం డొనేషన్ కట్టి, దాని కోసం ఊపిరాడని చోట ఇల్లు తీసుకున్న స్నేహితులు ఉన్నారు నాకు. ఏడేళ్ళలోపు పిల్లవాడు స్కూలు మారితే వారం ఏడుస్తాడు, తర్వాత మర్చిపోతాడు. వీధి లేకపోతే రోజూ ఏదో ఒకటి తగ్గుతుంది. మా వాడి మొదటి స్కూలు పేరున్నదే. ఏడు కిలోమీటర్లకు బస్సులో యాభై నిమిషాలు. నాలుగేళ్ళవాడు ఇంటికి వచ్చేసరికి యూనిఫాంలోనే నిద్రపోయేవాడు, అన్నం కూడా నిద్రలోనే పెట్టేదాన్ని.

విద్యాహక్కు చట్టం కింద పెట్టిన నిబంధన ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు బడి కిలోమీటరు లోపు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్లు. ఆ హద్దు పెట్టినవాళ్ళు పిల్లల కాళ్ళను గుర్తుపెట్టుకున్నారు. డబ్బు కట్టే మనమే మర్చిపోయాం. ముందు గల్లీ చూసుకోండి. తర్వాత ఆ కిలోమీటరు లోపల ఉన్న బళ్ళన్నిటికీ నడిచి వెళ్ళండి. టీచర్లు ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారో అడగండి, మరుగుదొడ్లు చూడండి. అందులో మెరుగైనది తీసుకోండి. మా పిల్లలిద్దర్నీ అత్తయ్య నడిపించుకుని తీసుకెళ్ళేవారు. ఆవిడ మోకాళ్ళ నొప్పికి డాక్టరు నడవమన్నదీ, పిల్లల బడీ ఒకే పనిలో అయిపోయాయి.

పిల్లల డాక్టరు మాత్రం ముందే కావాలి. రాత్రి రెండింటికి మా వారు ఊళ్ళో లేకపోయినా, నేను ఒక్కదాన్నే ఒక పిల్లను ఎత్తుకుని ఆటోలో ఎంతసేపట్లో వెళ్ళగలను? ఇల్లు ఖాయం చేసేముందే ఒకసారి రాత్రిపూట ఆటో ఎక్కి ఆ దారిలో వెళ్ళి చూశాను. పన్నెండు నిమిషాలు. ఆ పని మీరూ చెయ్యండి.

ఇల్లు కొనే మాట మూడేళ్ళ దాకా ఎత్తకండి. ఇక్కడ పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు. అది మీకు మంచిదే, తప్పు చేస్తే పదకొండు నెలల్లో దిద్దుకోవచ్చు. అడ్వాన్సు సాధారణంగా రెండు నెలలు. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఎంత పట్టుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి. మాకు మొదటి ఇంట్లో నెల అద్దె అలాగే పోయింది.

గదులు చిన్నవైనా సర్దుకోండి. మా ఇప్పటి ఇంట్లో డైనింగు టేబులు పట్టక అమ్మేశాం. కింద చాప వేసుకుని తింటాం, పక్కింటి పిల్లలు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు.

వేసవి సెలవుల్లో చాలామంది ఇళ్ళు వెతుకుతారు. బడులు తెరిచేలోపు సామాను దించాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఆ తొందరలో సంతకం పెట్టకండి. మొదటి గట్టివాన పడేదాకా ఒక పదిహేను రోజులు చుట్టాల ఇంట్లోనైనా సర్దుకుని ఆగండి. వాన వెలిశాక మీ పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఆ ఇంటి గుమ్మం నుంచి కొట్టు దాకా నడిపించండి. వాడు ఎత్తుకోమనకుండా వెళ్ళి రాగలిగితే అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.